నీళ్లలో దిగినదీ, కొవ్వులో దిగినదీ

1889 జూన్ 1న పారిస్‌లో జీవశాస్త్ర సమాజం సమావేశమైంది. 72 ఏళ్ల షార్ల్-ఎడువార్ బ్రౌన్-సెకార్ లేచి, కుక్కల వృషణాలనూ గినీ పందుల వృషణాలనూ నీళ్లు పోసి నూరి, వడకట్టి, ఆ రసాన్ని తన చర్మం కిందికి సూదితో ఎక్కించుకున్నానని చెప్పాడు. పోయిన సత్తువ తిరిగొచ్చిందట. ప్రయోగశాలలో గంటల తరబడి నిలబడగలుగుతున్నాడట. చేతి పట్టును కొలిచే యంత్రం మీద అంకె పెరిగిందట. మూత్రధార కూడా మునుపటికన్నా దూరం పోతోందట, దాన్నీ కొలిచాడు. ఆయన సంతలో లేహ్యాలు అమ్ముకునే బాపతు కాదు. వెన్నుపాము ఒక పక్క తెగితే శరీరంలో ఎటు పక్క ఏం పోతుందో తేల్చినవాడు. కొలేజ్ ద ఫ్రాన్స్‌లో క్లాడ్ బెర్నార్ తరవాత ఆ పీఠం ఎక్కినవాడు.

ఆ రసంలో నిజంగా ఏముందో చూద్దామని 2002లో ఆస్ట్రేలియా పరిశోధకులు కుక్క వృషణాలను ఆయన పద్ధతిలోనే నూరి, వడకట్టి, టెస్టోస్టెరాన్ కొలిచారు. శరీరం మీద ఏ కాస్తయినా పని చేయడానికి కావలసినదానికన్నా అది వేల రెట్లు తక్కువగా తేలింది. ముసలాయనకు వచ్చిన బలం నమ్మకం ఇచ్చిన బలమే.

కారణం వంటింట్లో తెలిసినదే. పసుపు నీళ్లలో కలిపితే కాసేపటికి అడుగున చేరుతుంది, కాగిన నూనెలో వేస్తే రంగంతా దిగుతుంది. టెస్టోస్టెరాన్ కొవ్వు జాతి పదార్థం, నీళ్లకు లొంగదు. పైగా వృషణం దాన్ని నిలవ చేసుకోదు, తయారైంది తయారైనట్టు రక్తంలోకి వదిలేస్తుంది. ఎంత నూరినా గాదెలో లేని గింజ ఎక్కణ్నుంచి వస్తుంది?

ఇక్కడిదాకా కథ అందరూ చెబుతారు, చెప్పి నవ్వుతారు. నాకు మాత్రం ఆ రసం ఉత్త నీళ్లేమీ కాదనిపిస్తుంది. అందులో టెస్టోస్టెరాన్ లేకపోవచ్చు. నీళ్లలో దిగే ఎంజైములున్నాయి, పిట్యూటరీ గ్రంథిని అదుపు చేసే ప్రొటీన్ ఉంది. వాటిని గుర్తుపట్టడానికి తరవాతివాళ్లకు ఒకదానికి 50 ఏళ్లు, ఇంకోదానికి దాదాపు 100 ఏళ్లు పట్టింది. బ్రౌన్-సెకార్ ఆ రసాన్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: నాకు బలం వచ్చిందా? ఆ ప్రశ్నకు అది ఏం జవాబు చెప్పగలదు? మగ జంతువుల కణజాలాన్ని దంచి, సారం తీసి పరిశోధించిన ఈ సుమారు 130 ఏళ్ల పనిని కలిపి చూస్తే, గెలుపోటములను నిర్ణయించినది రసం కాదు. దాన్ని దించిన ద్రావణీ, దాన్ని నిలదీసిన పరీక్షానూ.

నిఖార్సైన పరీక్ష బ్రౌన్-సెకార్‌కు 40 ఏళ్ల ముందే ఉంది. 1849లో గోటింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్టోల్డ్ ఆరు కోడిపుంజుల బీజాలు తీసి, కొన్నింటికి మాత్రం బీజాన్ని తిరిగి పొట్టలోనే పెట్టాడు. బీజం లేని పుంజులకు తలమీది ఎర్ర తురాయి వాడిపోయింది, కూత పోయింది, పెట్టల మీద ధ్యాస పోయింది. పొట్టలో బీజం పెట్టినవి మామూలు పుంజుల్లాగే కూశాయి, కొట్లాడాయి. నరాల సంబంధం తెగిపోయింది కాబట్టి వృషణం ఏదో పదార్థాన్ని రక్తంలోకి పంపుతోందని ఆయన తేల్చాడు. ఆ ఎర్ర తురాయి తరవాత 80 ఏళ్లకు కొలబద్ద అయింది.

1927లో షికాగో విశ్వవిద్యాలయంలో ఫ్రెడ్ కోక్, ఆయన విద్యార్థి లెమ్యూయెల్ మెగీ ఆ ఊరి కబేళాల నుంచి ఆంబోతుల వృషణాలు తెప్పించుకున్నారు. నీళ్లను పక్కన పెట్టి కొవ్వును కరిగించే ద్రావణులు పట్టుకున్నారు. 40 పౌన్ల కణజాలం, అంటే దాదాపు 18 కిలోలు, వడపోసి వడపోసి చివరకు మిగిల్చింది 20 మిల్లీగ్రాములు. అదీ శుద్ధమైనది కాదు. బీజాలు తీసిన పుంజులకు ఎక్కిస్తే మాత్రం వాడిన తురాయి నిలబడింది. (మన పత్రికల్లో ఈ కథ రాసేటప్పుడు ‘ఎద్దుల వృషణాలు’ అంటుంటారు. ఎద్దు అంటేనే బీజాలు కొట్టించినది. దాని వృషణాల నుంచి సారం తీయడం బ్రౌన్-సెకార్ తరం కూడా కాదు.)

1931లో జర్మనీలో అడాల్ఫ్ బుటెనాంట్ మరో దారి తొక్కాడు. బెర్లిన్ పోలీసుల మూత్రం 15,000 లీటర్లు పోగుచేసి 15 మిల్లీగ్రాముల ఆండ్రోస్టెరాన్ తీశాడు. 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లాకర్ బృందం 100 కిలోల ఆంబోతు వృషణాల నుంచి 10 మిల్లీగ్రాముల స్ఫటికాలు రాబట్టి, టెస్టోస్టెరాన్ అని పేరు పెట్టింది. అదే ఏడాది ఆగస్టులో బుటెనాంట్ ఒక పక్క, జ్యూరిక్‌లో లియోపోల్ద్ రుజిచ్కా ఒక పక్క దాన్ని కృత్రిమంగా తయారు చేయడంతో కబేళా అవసరమే తీరిపోయింది. వాళ్లిద్దరికీ 1939లో రసాయన నోబెల్ వచ్చింది. కిలోల కొద్దీ వృషణాలు నూరి అసలు పదార్థాన్ని చేతికిచ్చిన ఆమ్‌స్టర్‌డామ్‌వాళ్లకు రాలేదు.

ఆ 10 మిల్లీగ్రాముల లెక్క కాస్త గుర్తుపెట్టుకోదగ్గది. ఒక మామూలు మగవాడి శరీరం రోజుకు దాదాపు 5 నుంచి 7 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ తయారు చేసుకుంటుంది. అంటే 100 కిలోల వృషణాల నుంచి చేతికొచ్చింది మనిషికి రెండు రోజుల సరుకు. హైదరాబాద్ మటన్ కొట్లో ‘కపూరే ఉన్నాయా’ అని గొంతు తగ్గించి అడిగేవాళ్లకు ఈ లెక్క చెప్పాలనిపిస్తుంది. పావుకిలో వేపుడులో ఉండేది లెక్కలోకి రాని రవ్వ, అదీ పేగుల నుంచి నేరుగా కాలేయానికి పోయి అక్కడే చాలావరకు విరిగిపోతుంది. రుచి కోసం తింటే ఎవరికీ అభ్యంతరం లేదు. మేక వృషణాలను పాలలో ఉడికించి ఆ పాలతో నువ్వులను సంస్కరించి తినమన్న వాజీకరణ యోగం సుశ్రుత సంహితలోనే ఉంది. బ్రౌన్-సెకార్ ఊహ అంత పాతది. ఆయన కొత్తగా చేర్చినది సూదిని మాత్రమే.

ఆయన ప్రకటన తరవాత ఐరోపాలోనూ అమెరికాలోనూ గ్రంథుల సారాల వ్యాపారం పెచ్చుపెరిగింది. పారిస్‌లో సెర్జ్ వొరొనోఫ్ 1920 నుంచి చింపాంజీ వృషణాల ముక్కలు ముసలి ధనికులకు కుట్టాడు. కాన్సస్‌లో జాన్ బ్రింక్లీ మేక బీజాలు కుట్టి కోట్లు గడించాడు. వాటి గురించి పుస్తకాలే ఉన్నాయి, ఇక్కడ అంతకన్నా అక్కర్లేదు. ఆ గోలలో పడి నీళ్ల సారం మీద గంభీరంగా పనిచేసినవాళ్లను మనం మరిచిపోయాం.

వాళ్లలో మొదట చెప్పుకోవలసినవాడు ఫ్రాన్సిస్కో దురాన్-రేనాల్స్. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పనిచేస్తూ, మశూచి టీకా వైరస్‌ను కుందేలు వృషణ సారంతో కలిపి చర్మంలోకి ఎక్కిస్తే పుండు మామూలుకన్నా ఎంతో పెద్దగా పాకుతోందని 1920ల చివర గమనించాడు. వృషణంలో ఏదో చర్మం అల్లికను వదులు చేస్తోంది. దానికి ‘వ్యాపన కారకం’ అన్న పేరు స్థిరపడింది. 1934లో కార్ల్ మేయర్ ఆవు కంటిలోని జిగురు నుంచి హయాలురోనిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు. ఆ జిగురును కరిగించే ఎంజైమే ఈ వ్యాపన కారకమని 1940లో, పెనిసిలిన్ కథలో మనకు తెలిసిన ఎర్నెస్ట్ చెయినే, డతీ అనే సహచరుడితో కలిసి చూపించాడు. అదే హయాలురోనిడేజ్. వృషణంలో దానికేం పని అంటే, అండం చుట్టూ ఉండే కణాలను పట్టి ఉంచే జిగురు కూడా హయాలురోనిక్ ఆమ్లమే. శుక్రకణం తల మీద ఈ ఎంజైమ్ ఉంటే దారి దొరుకుతుంది.

కుందేలు చర్మం మీద పాకిన పుండు మగ సంతానోత్పత్తి శాస్త్రంలో ఒక తలుపు తీసిందన్నమాట. కబేళా వృషణాల నుంచి తీసిన ఆ ఎంజైమ్ ఇవాళ్టికీ వాడుకలో ఉంది. కంటి ఆపరేషన్‌కు ముందు ఇచ్చే మత్తుమందు బాగా వ్యాపించాలని దాన్ని కలుపుతారు. సంతాన సాఫల్య కేంద్రంలో ఒక్క శుక్రకణాన్ని అండంలోకి గుచ్చేముందు, అండాన్ని అంటిపెట్టుకున్న కణాలను విడదీయడానికీ అదే వాడతారు. మనిషి జన్యువుతో ప్రయోగశాలలో తయారుచేసిన రకం 2005లో అమెరికాలో అనుమతి పొందింది. పశువుల ప్రొటీన్ కొందరికి పడక దద్దుర్లు రావడం దాని వెనకున్న ఒక కారణం.

ప్రోస్టాగ్లాండిన్ల కథ ఇంకా తమాషా. 1930లో న్యూయార్క్‌లో కుర్జ్‌రాక్, లీబ్ అనే వైద్యులు గర్భాశయ కండర పట్టీ మీద వీర్యం వేస్తే అది ఒకసారి ముడుచుకుంటోందని, ఒకసారి సడలుతోందని చూశారు. కొద్ది ఏళ్లకు స్వీడన్‌లో ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్ గొర్రెపొట్టేళ్ల గ్రంథుల సారంతో ఆ పని చేసే ఆమ్ల పదార్థాన్ని గుర్తించి, ప్రోస్టేట్ నుంచి వచ్చిందనుకొని ప్రోస్టాగ్లాండిన్ అన్నాడు. నిజానికి అది ఎక్కువగా తయారయ్యేది పక్కనున్న శుక్రాశయంలో. తప్పు ఇంటిపేరుతోనే ఆ పదార్థం లోకమంతా తిరిగింది. ఆ తరవాత సూనే బెర్గ్‌స్ట్రోమ్ పొట్టేలు శుక్రాశయాలను పెద్ద ఎత్తున పోగుచేసి 1950ల చివరకు వాటిని స్ఫటికాలుగా వేరుచేశాడు, 1982 నోబెల్ పంచుకున్నాడు. ఆ పదార్థాలను తయారుచేసే సైక్లోఆక్సిజినేజ్ ఎంజైమ్‌కు కూడా పొట్టేలు శుక్రాశయమే గని. నొప్పి మాత్రలు పని చేసే చోటును అణువు అణువుగా చూపిన 1994 నాటి చిత్రం కూడా ఆ గొర్రె ఎంజైమ్‌దే. తలనొప్పికి మాత్ర వేసుకునేవాడికి పొట్టేలు శుక్రాశయం గుర్తుకొస్తుందా! మగ సంతానోత్పత్తి అని మొదలుపెట్టిన సారం జ్వరం, నొప్పి, కాన్పు వైద్యాల్లోకి పాకింది.

నీళ్ల సారంలో దాగిన రెండోది ఇన్‌హిబిన్. ఇది గెలుపు కథ కాదు, చాలాకాలం పొరపాట్ల కథే. 1932లో మెకల్లా అనే పరిశోధకుడు ఆంబోతు వృషణాల నుంచి నీళ్లలో దిగే సారం తీసి, వృషణాలు తొలగించిన ఎలుకలకు ఇచ్చాడు. అలాంటి ఎలుకల పిట్యూటరీ గ్రంథిలో కణాలు ఉబ్బి వికారంగా మారతాయి, ఈ సారం ఆ మార్పును ఆపింది. వృషణం నుంచి టెస్టోస్టెరాన్ కాక మరో హార్మోన్ వెళ్లి పిట్యూటరీకి ‘ఇక చాలు’ అని చెబుతోందని ఆయన వాదించి ఇన్‌హిబిన్ అని పేరు పెట్టాడు. పేరు 1932లో పుట్టింది, పదార్థం 1985దాకా ఎవరికీ చిక్కలేదు.

1932కూ 1985కూ మధ్య జరిగింది గమ్మత్తు. మగవాడి గర్భనిరోధకం దొరుకుతుందన్న ఆశతో ప్రపంచమంతా ఇన్‌హిబిన్ కోసం వెతికింది, ముంబైలోని సంతానోత్పత్తి పరిశోధన సంస్థ కూడా. 1980ల మొదట్లో మానవ వీర్యద్రవం నుంచి రెండు పెప్టైడ్లను వేరుచేసి, పిట్యూటరీ మీద ఇన్‌హిబిన్ లాంటి పని చేస్తున్నాయని ప్రకటించారు. తరవాత చూస్తే ఒకటి వీర్యాన్ని గడ్డకట్టించే సెమినోజెలిన్ ముక్క, రెండోది ప్రోస్టేట్ స్రవించే మామూలు ప్రొటీన్. అసలు ఇన్‌హిబిన్‌ను 1985లో మెల్‌బోర్న్ బృందం వేరుచేసింది వృషణం నుంచి కాదు, ఆవు అండాశయ ద్రవం నుంచి. సారంలో ఒక పని కనిపించడం వేరు, ఆ పని చేసే మనిషిని పట్టుకోవడం వేరు. రద్దీ బస్సులో జేబు కొట్టేశారంటే పక్కన నిలబడ్డవాడిని పట్టుకున్నట్టు, సారంలో ఎక్కువగా ఉండే ప్రొటీనే ఎప్పుడూ మొదట దొరుకుతుంది. ఆ రెండో ప్రొటీన్‌ను ఇప్పుడు ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పుకు సంబంధించి చదువుతున్నారు. ఇన్‌హిబిన్-బి మాత్రం పిల్లలు లేని మగవాళ్లలో, శుక్రకణాలను పోషించే సెర్టోలి కణాలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్షగా స్థిరపడింది.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎన్.ఆర్. మౌద్గల్ మగవాడి గర్భనిరోధకం అనే ఆ సమస్యకే మరో వైపు నుంచి వచ్చాడు. ఇన్‌హిబిన్ అదుపు చేసేది పిట్యూటరీ వదిలే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్‌నే. గొర్రె పిట్యూటరీ గ్రంథుల నుంచి తీసిన ఆ హార్మోన్‌ను కోతులకు టీకాగా ఇస్తే, వాటి శరీరం తన సొంత ఎఫ్‌ఎస్‌హెచ్ మీద కూడా ప్రతిరక్షకాలు తయారుచేసుకొని సంతాన సామర్థ్యం పోగొట్టుకుంది. 1997లో ఐదుగురు మగ స్వచ్ఛంద సేవకుల మీద చూసిన ఫలితాలు కూడా వెలువడ్డాయి. శుక్రకణాల సంఖ్య తగ్గింది, శూన్యం కాలేదు. గర్భనిరోధకానికి ‘తగ్గింది’ చాలదు.

హైదరాబాద్ పేరు ఈ చరిత్రలో వచ్చేది 1979లో. అక్కడి కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, అంటే సీసీఎంబీ, అప్పటికి పసిగుడ్డు. దాని వ్యవస్థాపకుడు పుష్ప మిత్ర భార్గవ, ఇ.ఎస్.పి. రెడ్డి కలిసి ఆంబోతు వీర్యద్రవం నుంచి ఒక చిన్న ప్రొటీన్‌ను వేరుచేసి నేచర్ పత్రికలో ప్రకటించారు. అది ఈ. కోలి బాక్టీరియా లోపలికి చొరబడి ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపేస్తుంది. పేరు సెమినల్‌ప్లాస్మిన్. వీర్యం ఉత్త వాహనం కాదు, దానికి సొంత క్రిమిసంహారకం ఉందన్న మాట అప్పటికి కొత్త. శివాజీ, సీతారాం, నాగరాజ్ వంటివాళ్లు ఆ ఒక్క ప్రొటీన్ చుట్టూ ఏళ్ల తరబడి పనిచేశారు. ఏ ముక్క బాక్టీరియాను చంపుతుంది, ఏ ముక్క ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది అని విడదీసి చూశారు.

అదే సమయంలో అమెరికాలో విస్కాన్సిన్‌లో హెన్రీ లార్డీ బృందం కూడా ఆంబోతు వీర్యద్రవాన్నే జల్లెడ పడుతోంది. వాళ్ల పరీక్ష బాక్టీరియా కాదు, శుక్రకణం. శుక్రకణంలోకి కాల్షియం చేరకుండా ఆపే ప్రొటీన్ దొరికింది, కాల్‌ట్రిన్ అని పేరు పెట్టారు. 1986లో హైదరాబాద్ బృందం రెంటినీ పోల్చి, సెమినల్‌ప్లాస్మినూ కాల్‌ట్రినూ ఒకటే ప్రొటీన్ అని తేల్చింది. ఒకే పదార్థాన్ని హైదరాబాద్‌లో బాక్టీరియాతో అడిగితే ‘చంపుతాను’ అంది, విస్కాన్సిన్‌లో శుక్రకణంతో అడిగితే ‘ఆపుతాను’ అంది. దాని అసలు వృత్తి ఏమిటి? రెండూ కావచ్చు, రెండూ కాకపోవచ్చు. 1990లలో దాని జన్యువు వంశం వెతికితే ఇంకో మలుపు. పేగులు స్రవించే పెప్టైడ్ వై-వై అనే హార్మోన్ జన్యువుకు నకలు పడి, పశుజాతిలో ఈమధ్యనే, అంటే పరిణామం లెక్కల్లో ఈమధ్యనే, ఇలా మారిందని తేలింది. మనిషికి పనికొచ్చే జోడు లేదు. ఆంబోతు వీర్యంలో కనిపించిందని మగవాడి వీర్యానికీ వర్తింపజేయడం కుదరదన్నమాట. ఇది ఆ ఆవిష్కరణ విలువ తగ్గించదు. మన ఊళ్లో జరిగిన పని కనక పొగడ్తలు ఎక్కువగా విన్నాం, ఈ వంశవృక్షం సంగతి తక్కువగా విన్నాం.

జాతి మారితే జవాబు మారుతుందనడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం అక్రోసిన్. శుక్రకణాల తలల నుంచి తీసిన సారంలో ప్రొటీన్లను కోసే ఈ ఎంజైమ్ పుష్కలంగా ఉంటుంది, అండం పైపొరను కరిగించేది ఇదేనని పాఠ్యపుస్తకాల్లో దశాబ్దాలు చదివాం. 1994లో జపాన్‌లో ఆ జన్యువు తీసేసిన చిట్టెలుకలు పిల్లల్ని కన్నాయి. పాఠం తిరగరాయాల్సి వచ్చింది. 2020లో హామ్‌స్టర్లలో అదే జన్యువు తీసేస్తే వాటి శుక్రకణాలు పైపొర దాటలేకపోయాయి. అప్పుడు తిరగరాసినదాన్ని మళ్లీ తిరగరాశాం. మనిషి ఏ పక్కన ఉన్నాడో చిట్టెలుకను చూసి చెప్పలేం, హామ్‌స్టర్‌ను చూసీ చెప్పలేం.

సారం పద్ధతి పూర్తిగా నెగ్గిన కథ ఒకటి ఉంది. శుక్రకణం చేరగానే అండంలో కాల్షియం అలలు అలలుగా లేస్తుంది, పిండం మొదలవడానికి అదే సంకేతం. ఆ అలను లేపేది శుక్రకణం బయటి తాకిడా, లోపలి సరుకా? 1990లో కార్ల్ స్వాన్ హామ్‌స్టర్ శుక్రకణాలను చిదిపి, ఆ సారాన్ని హామ్‌స్టర్ అండంలోకి గుచ్చాడు. శుక్రకణం లేకుండానే అలలు లేచాయి. అంటే సరుకే. ఆ సరుకు ఏది? 1996లో ఆసిలిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకున్నారు, ఎందుకంటే సారాన్ని ముక్కలుగా విడదీస్తే అలలు లేపే ముక్కలోనే అదీ ఉంది. విడిగా తయారుచేసి గుచ్చితే అల లేవలేదు. మళ్లీ బస్సులో పక్కవాడే. 2002లో కార్డిఫ్‌లో ఆంటొనీ లై, స్వాన్ బృందం పీఎల్‌సీ-జీటా అనే ఎంజైమ్‌ను కనుక్కొని, ఒక్క శుక్రకణంలో ఉండే పరిమాణమే అండాన్ని లేపడానికి చాలునని చూపింది. ఈ ఒక్క శుక్రకణం లెక్కే గీటురాయి. వెయ్యి శుక్రకణాల సారం గుచ్చితే ఏదో ఒకటి జరుగుతుంది, ప్రకృతిలో అండంలోకి వెళ్లేది ఒక్కటే. ఇవాళ శుక్రకణాన్ని అండంలోకి గుచ్చినా పిండం కట్టని కొన్ని జంటల్లో భర్త శుక్రకణాల్లో పీఎల్‌సీ-జీటా లోపమో, ఆ జన్యువులో మార్పో బయటపడుతోంది.

లామా వీర్యం సంగతి క్లుప్తంగానైనా చెప్పాలి. లామా లాంటి ఒంటె జాతి ఆడజంతువులకు జోడు కట్టాకే అండం విడుదలవుతుంది. అది శరీరాల రాపిడి వల్ల అని చాలాకాలం అనుకున్నారు. వీర్యద్రవాన్ని కండకు సూది వేసినా అండం విడుదలైందని చైనాలో బాక్ట్రియన్ ఒంటెలతో 1985లోనే చూశారు. ఆ పదార్థం నాడులను పెంచే ఎన్‌జీఎఫ్ అనే పాత పరిచయస్తుడేనని 2012లో కెనడా బృందం లామాలతో తేల్చింది. రాపిడి అని నమ్మినంతకాలం సారం తీసి చూడాలని ఎవరికి తోస్తుంది?

ఇక మన విశ్వవిద్యాలయాల్లో రోజూ జరిగే పనికి వద్దాం. ఎలుకకు ఏదో పురుగుమందో, లోహమో, మూలికో ఇస్తారు. వారాల తరవాత వృషణాన్ని కోసి, మంచు మీద బఫర్‌లో నూరి, సెంట్రిఫ్యూజ్ తిప్పి, పైన తేలిన ద్రవంలో ఎంజైములు కొలిచి, మిల్లీగ్రాము ప్రొటీన్‌కు ఇంత అని పట్టిక వేస్తారు. ఇలాంటి పట్టికల మీద లెక్కలేనన్ని పీహెచ్‌డీలు నడిచాయి. చిక్కు ఎక్కడంటే, వృషణం ఒక ముద్ద కాదు. ఎలుక వృషణంలో టెస్టోస్టెరాన్ తయారుచేసే లీడిగ్ కణాలు నూటికి ఐదు పాళ్లకు మించవు. మిగతాదంతా ప్రధానంగా శుక్రకణాలుగా మారుతున్న వరసలు. విషం ఆ వరసలను చంపితే వృషణం కుంచించుకుపోతుంది. లీడిగ్ కణాలు ఉన్నచోటే ఉంటాయి. ఇప్పుడు ముద్దగా నూరితే మిల్లీగ్రాముకు లీడిగ్ ఎంజైమ్ పెరిగినట్టు కనిపిస్తుంది. ఊళ్లో యువకులంతా వలసపోతే ముసలివాళ్ల శాతం పెరుగుతుంది, ముసలివాళ్లు కొత్తగా పుట్టుకురాలేదు కదా. అందుకే మిల్లీగ్రాముకు ఎంత అన్నదానితోపాటు ఒక వృషణానికి ఎంత అన్నదీ రాయాలి, పలుచటి కోతను మైక్రోస్కోప్ కింద చూసి ఏ కణాలు మిగిలాయో చెప్పాలి. రక్తంలో టెస్టోస్టెరాన్ మామూలుగా ఉందని ఊరుకోవడమూ చెల్లదు. వృషణం లోపల అది రక్తంలోకన్నా ఎన్నో రెట్లు, మనిషిలో దాదాపు 100 రెట్లు ఎక్కువ. శుక్రకణాల తయారీకి కావలసింది ఆ లోపలి లెక్క.

కబేళా నుంచి తెచ్చే కణజాలానికి ఇంకో రకం చిక్కు. ప్రయోగం కోసం ప్రత్యేకంగా జంతువును చంపనక్కర్లేదు, అది పెద్ద మేలు. కానీ ఆ పొట్టేలు వయసెంత, ఎదకాలంలో ఉందా, కోశాక ఎంతసేపు ఎండలో ఉందో ఎవరు చెబుతారు? వృషణంలోనూ శుక్రకణాల్లోనూ ప్రొటీన్లను కోసే ఎంజైములు దండిగా ఉంటాయి. మంచు డబ్బా ఆలస్యమైతే మనం కొలిచేది వృషణాన్ని కాదు, అది తనను తాను జీర్ణం చేసుకోగా మిగిలినదాన్ని.

సారాన్ని జీవిలోకి తిరిగి ఎక్కించడంలో ఉన్న ప్రమాదం 1953లోనే బయటపడింది. జూల్స్ ఫ్రాయింట్ బృందం గినీ పందులకు గినీ పంది వృషణ సారాన్నే, రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టే నూనెతో కలిపి ఇస్తే వాటి శుక్రకణాల తయారీ ఆగిపోయింది. శుక్రకణాలు యుక్తవయసులో పుట్టుకొస్తాయి. అప్పటికి శరీరం తనవాళ్లెవరో పైవాళ్లెవరో నేర్చేసుకుంది, వీటిని ఒక అడ్డుగోడ వెనక దాచి ఉంచుతుంది. వాటిని నూరి చర్మం కిందికి ఎక్కిస్తే దాచినవన్నీ బయటపడ్డట్టే. యవ్వనం కోసం వృషణ రసం పొడిపించుకున్నవాళ్లలో కొందరికి సరిగ్గా వ్యతిరేక ఫలితం వచ్చి ఉండొచ్చు.

జంతు సారాలు ప్రశ్నలే కాదు, పనిముట్లు కూడా. 1940లో ఫిలిప్స్, లార్డీ కోడిగుడ్డు సొనను ఆంబోతు వీర్యంలో కలిపితే చలిలోనూ శుక్రకణాలు చావవని చూపారు. ఆ లార్డీయే తరవాత కాల్‌ట్రిన్ పట్టుకున్న హెన్రీ లార్డీ. కరీంనగర్‌లో, నంద్యాలలో, విశాఖలో పశువీర్యాన్ని గడ్డకట్టించే కేంద్రాలున్నాయి. ఎదకొచ్చిన గేదెకు, పల్లెల్లో కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర వేసే సన్నటి గొట్టం వెనక ఉన్న శాస్త్రం ఆ సొన నుంచి మొదలైంది. సొన ఎందుకు పనిచేస్తుందో మాత్రం 60 ఏళ్లదాకా సరిగా తెలియలేదు. వీర్యద్రవంలోని కొన్ని ప్రొటీన్లు శుక్రకణం పొర నుంచి కొవ్వును లాగేస్తూ ఉంటాయని, సొనలోని కొవ్వుకణికలు ఆ ప్రొటీన్లను పట్టి ఉంచుతాయని మాంట్రియల్‌లో మంజునాథ్ బృందం చూపించింది. గుడ్డుతో వచ్చే రోగక్రిముల భయంతో ఇప్పుడు సోయా లెసిథిన్ వైపు కొందరు మొగ్గుతున్నారు.

ప్రయోగశాలలో కణాలను పెంచే మాట్రిజెల్‌ది ఇంకో కథ. చిట్టెలుక కంతి నుంచి తీసిన ఆ జిగురులో దాదాపు 1,800 రకాల ప్రొటీన్లను లెక్కపెట్టారు. దాని మీద వృషణ కణాలు చక్కగా గుమిగూడి గొట్టాలు కట్టాయంటే, ఆ ఘనత కణాలదా జిగురుదా? జవాబు దొరకకే కొందరు పంది వృషణం నుంచి కణాలన్నీ కడిగేసి, మిగిలిన అల్లికనే వాడుతున్నారు. కనీసం అది ఆ ఇంటిదే.

2011లో యొకొహామాలో తకుయా సాటో, తకెహికో ఒగావా అప్పుడే పుట్టిన చిట్టెలుకల వృషణ ముక్కలను అగరోజ్ దిమ్మ మీద పెట్టి, గాలికీ ద్రవానికీ మధ్య ఉంచి, బయటే శుక్రకణాలను పండించారు. వాటితో పిల్లలు పుట్టాయి, ఆ పిల్లలు కూడా కన్నాయి. అప్పటిదాకా ఎందరో ఓడిపోయిన చోట వాళ్లు నెగ్గడానికి కీలకం పోషక ద్రవంలో వేసిన అల్బుమాక్స్ అనే పొడి. పశువుల రక్తం నుంచి తీసిన అల్బుమిన్ అది. అందులో ఏది పనిచేసిందో తెలియలేదు. ఒగావా బృందం అక్కడ ఆగకుండా ఆ పొడిని తీసేసి, తెలిసిన పదార్థాలను ఒక్కొక్కటే వేసి చూసుకుంటూ పోయింది. 2020కి తేలినవి ఆక్సీకరణను ఆపే విటమిన్లు కొన్ని, లైసోఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వులు కొన్ని. నీళ్లలో కరిగే ప్రొటీన్ తన వీపు మీద కొవ్వులను మోసుకొచ్చి ఇచ్చింది.